టెక్సాస్ నేర చట్టాల కమిటీ ముందు మీ మాట నిలవాలంటే: సమగ్ర మార్గదర్శి

"మా స్టోర్‌లో దొంగతనాలు ఆగడం లేదు, చట్టం మార్చమని ఎవరికి చెప్పాలి?" "గుడి అద్దాలు పగలగొట్టారు, శిక్ష పెంచమని అడగొచ్చా?" "నేను వీసా మీద ఉన్నాను, శాసనసభ భవనం క్యాపిటల్‌కు వెళ్ళి మాట్లాడొచ్చా?" డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలివి. మూడూ చివరికి చేరేది ఒక చోటికే: రాష్ట్ర ఎగువ సభ సెనేట్‌లోని క్రిమినల్ జస్టిస్ కమిటీ, దిగువ సభ హౌస్‌లోని క్రిమినల్ జ్యూరిస్‌ప్రుడెన్స్ (నేర చట్టాలు), కరెక్షన్స్ (జైళ్ళు) కమిటీలు.

మన అసెంబ్లీల్లో ప్రభుత్వం పెట్టిన బిల్లు ఎక్కువసార్లు నేరుగా సభలోనే చర్చకు, ఓటుకు వెళ్ళిపోతుంది. టెక్సాస్‌లో అలా కాదు. బిల్లు ముందు కమిటీకి వెళ్ళాలి, అక్కడ గట్టెక్కితేనే సభకు వస్తుంది. మామూలు మనిషికి మైకు దొరికేది కూడా ఆ కమిటీ దశలోనే. అందుకే ఈ మార్గదర్శి అంతా ఆ దశ చుట్టూనే తిరుగుతుంది.

## 1. మీ పని ఈ కమిటీదేనా? ముందు తేల్చుకోండి

ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు. తమ్ముడి మీద కేసు నడుస్తోందనో, బంధువుకు పెరోల్ రాలేదనో కమిటీ ఆఫీసుకు ఫోన్ చేస్తారు. కమిటీ చట్టం రాస్తుంది, ఏజెన్సీలను నిలదీస్తుంది. విడి కేసులో తీర్పు మార్చలేదు, ఎవరినీ విడుదల చేయలేదు.

ఈ హద్దు ఎంత గట్టిదో 2024లో అందరూ చూశారు. ఆ అక్టోబర్‌లో హౌస్ క్రిమినల్ జ్యూరిస్‌ప్రుడెన్స్ కమిటీ ఒక మరణశిక్ష ఖైదీని సాక్షిగా రమ్మని సబ్‌పీనా ఇచ్చింది. దాంతో మర్నాడు జరగాల్సిన శిక్ష ఆగింది. నవంబర్‌లో టెక్సాస్ సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది: శాసనసభ సబ్‌పీనాతో శిక్ష అమలును ఆపడం కుదరదు. పిలిపించి అడిగే అధికారం కమిటీకి ఉంది, కోర్టు పనిలో చేయి పెట్టే అధికారం లేదు.

మీ సమస్యను బట్టి ఎక్కడికి వెళ్ళాలో చూడండి:

- నడుస్తున్న కేసు: డిఫెన్స్ లాయర్. ఇంకెవరూ కాదు.
- కౌంటీ జైలులో వైద్యం అందలేదు, చూడనివ్వడం లేదు: టెక్సాస్ కమిషన్ ఆన్ జైల్ స్టాండర్డ్స్‌కు ఫిర్యాదు.
- రాష్ట్ర జైలులో సమస్య: టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ క్రిమినల్ జస్టిస్ అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు చూసే ఆఫీసు.
- పెరోల్, క్షమాభిక్ష: బోర్డ్ ఆఫ్ పార్డన్స్ అండ్ పెరోల్స్. బోర్డు సిఫారసు లేకుండా గవర్నర్ కూడా పూర్తి క్షమాభిక్ష ఇవ్వలేరు.
- ఏజెన్సీ పలకడం లేదు: మీ ప్రాంతపు సెనేటర్ లేదా రెప్రజెంటేటివ్ జిల్లా ఆఫీసు. అక్కడ ఇలాంటి పనులు చూసే సిబ్బంది ఉంటారు.
- చట్టమే తప్పుగా ఉంది, లేదా లేదు: అప్పుడు కమిటీ.

ఒక్క ఇంటి కష్టం అయినా, దాని వెనక చట్టంలో లోపం ఉంటే అది కమిటీ పనే. 2015లో వాలర్ కౌంటీ జైలులో శాండ్రా బ్లాండ్ మరణించాక 2017లో ఆమె పేరుతో వచ్చిన చట్టం అలా పుట్టిందే. కౌంటీ జైళ్ళలో మానసిక ఆరోగ్య పరీక్షలు, జైలు మరణాలపై బయటి సంస్థ దర్యాప్తు లాంటివి అందులో చేరాయి.

## 2. కమిటీలో తాళం ఎవరి చేతిలో ఉంటుంది

సెనేట్‌లో మొత్తం 31 మంది, హౌస్‌లో 150 మంది. ఇటీవలి సెషన్లలో సెనేట్ క్రిమినల్ జస్టిస్ కమిటీలో ఏడుగురు సభ్యులు. బిల్లు బయటికి రావాలంటే అందులో నలుగురి ఓటు కావాలి.

బిల్లును ఏ కమిటీకి పంపాలో సెనేట్‌లో లెఫ్టినెంట్ గవర్నర్, హౌస్‌లో స్పీకర్ నిర్ణయిస్తారు. ఇక్కడి లెఫ్టినెంట్ గవర్నర్‌ను ఢిల్లీలో ఉండే పదవితో పోల్చుకోకండి. టెక్సాస్‌లో ఆయన ప్రజలు ఎన్నుకున్న మనిషి, సెనేట్‌కు అధ్యక్షుడు, కమిటీ చైర్లను నియమించేదీ ఆయనే.

కమిటీకి వచ్చాక తాళం చైర్ చేతికి వెళ్తుంది. విచారణ పెట్టాలా వద్దా, ఎప్పుడు పెట్టాలి, ఓటుకు తేవాలా లేదా అన్నీ చైర్ ఇష్టం. చాలా బిల్లులు ఓటులో ఓడిపోవు. విచారణే రాక, లేదా విచారణ అయ్యాక "లెఫ్ట్ పెండింగ్" అనే స్థితిలో పడి ఉండి, సెషన్ ముగియగానే చచ్చిపోతాయి. కాబట్టి మీ మొదటి విన్నపం "ఓటు వేయండి" కాదు, "విచారణ పెట్టండి".

డబ్బు మాత్రం ఈ కమిటీ చేతిలో లేదు. జైళ్ళకు, పెరోల్ ఆఫీసర్లకు, చికిత్స కార్యక్రమాలకు నిధులు ఇచ్చేది సెనేట్ ఫైనాన్స్, హౌస్ అప్రోప్రియేషన్స్ కమిటీలు. కొత్త కార్యక్రమం అడిగేవాళ్ళు రెండు చోట్లా మాట్లాడాలి. చట్టం వచ్చి డబ్బు రాకపోతే కాగితమే మిగులుతుంది.

## 3. తేదీలు: వీటిని దాటితే మళ్ళీ రెండేళ్ళు

టెక్సాస్ శాసనసభ రెగ్యులర్ సెషన్ బేసి సంవత్సరాల్లోనే జరుగుతుంది. జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు. 2027 సెషన్‌కు లెక్క ఇలా వస్తుంది:

- 2026 నవంబర్ 9: ముందస్తు బిల్లుల దాఖలు మొదలు
- 2027 జనవరి 12: సెషన్ మొదటి రోజు
- మార్చి 12, 60వ రోజు: మామూలు బిల్లులు వేయడానికి ఆఖరు
- మే 13, 122వ రోజు: హౌస్ బిల్లులు హౌస్‌లో రెండో పఠనానికి, అంటే సభలో చర్చించి ఓటు వేసే దశకు, ఆఖరు. ఇది గత సెషన్ల నియమం. కొత్త సెషన్‌లో నియమాలు మళ్ళీ ఆమోదించుకుంటారు, సరిచూసుకోండి
- మే 31: ఆఖరి రోజు
- జూన్ 20: గవర్నర్ సంతకానికీ, వీటోకూ గడువు

ఇందులో మీకు అసలు విలువైన కాలం సెషన్‌కు ముందు వచ్చే సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకు. అప్పుడు సెనేటర్ల సిబ్బందికి తీరిక ఉంటుంది, బిల్లు భాష ఇంకా గట్టిపడదు. కొత్త చట్టం కావాలని మార్చిలో అడగడం అంటే నాట్లు అయిపోయాక నారు తెచ్చినట్టే. మార్చి తర్వాత మీరు చేయగలిగేది అప్పటికే ఉన్న బిల్లులకు సవరణలు కోరడం వరకే.

## 4. బిల్లును పట్టుకోవడం

టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ అనే అధికారిక సైట్‌లో అన్నీ ఉచితం. ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు, హెచ్‌బీ అంటే హౌస్ బిల్లు. ఎస్‌జేఆర్, హెచ్‌జేఆర్ అంటే రాజ్యాంగ సవరణ తీర్మానాలు. వాటికి గవర్నర్ సంతకం అక్కర్లేదు కానీ రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు, అంటే 21 మంది సెనేటర్లు, 100 మంది రెప్రజెంటేటివ్‌లు, ఆ పైన ప్రజల ఓటు కావాలి. కొన్ని నేరాల్లో బెయిల్ నిరాకరించే అధికారం మీద 2025 సెషన్‌లో వచ్చిన ఎస్‌జేఆర్ 5 ఈ దారిలోనే నవంబర్ బ్యాలట్‌కు వెళ్ళింది.

చేయాల్సినవి వరుసగా:

1. ఆ సైట్‌లో ఉచిత ఖాతా తెరవండి.
2. మీ బిల్లు నంబరు చేర్చి అలర్ట్ పెట్టండి.
3. సెనేట్ క్రిమినల్ జస్టిస్, హౌస్ క్రిమినల్ జ్యూరిస్‌ప్రుడెన్స్ కమిటీల నోటీసులకు విడిగా అలర్ట్ పెట్టండి. బిల్లు అలర్ట్ ఒక్కటే సరిపోదు.
4. అదే విషయం మీద ఎదుటి సభలో జంట బిల్లు ఉందేమో చూడండి. ఉంటే రెండింటినీ వెంటాడండి. ఏది ముందు కదిలితే అదే బండి.

నోటీసు వ్యవధిలో రెండు సభలకూ తేడా ఉంది. రెగ్యులర్ సెషన్‌లో హౌస్ కమిటీ బహిరంగ విచారణకు ఐదు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సెనేట్‌లో 24 గంటలు చాలు. ఫ్రిస్కో నుంచి ఆస్టిన్‌కు 200 మైళ్ళకు పైగా ప్రయాణం. సెనేట్ విచారణకు వెళ్ళాలనుకునేవాళ్ళు మాట్లాడే కాగితం, సెలవు ఏర్పాటు ముందే సిద్ధం చేసి ఉంచుకోవాలి. నోటీసు వచ్చాక మొదలుపెడితే అందదు.

## 5. బిల్లు చదవడం: పని అంతా ఇక్కడే ఉంది

శీర్షిక చూసి అభిప్రాయానికి రాకండి. పాఠంలో కింద గీత ఉన్న మాటలు కొత్తగా చేర్చేవి, బ్రాకెట్లలో కొట్టివేసి ఉన్నవి తీసేసేవి. గీతలు లేనిదంతా ఇప్పటికే అమల్లో ఉన్న చట్టం. ప్రతి పంక్తికీ నంబరు ఉంటుంది, అది రాసుకోండి.

ముందు ఉన్న చట్టం చూడండి. గుడి మీద దాడి జరిగాక "ప్రార్థనా స్థలాలకు ప్రత్యేక శిక్ష కావాలి" అనే డిమాండు వస్తుంది. టెక్సాస్ పీనల్ కోడ్ 28.03 సెక్షన్‌లో అది ఇప్పటికే ఉంది. మామూలు ఆస్తికి 750 నుంచి 2,500 డాలర్ల లోపు నష్టం చేస్తే క్లాస్ ఎ మిస్‌డిమీనర్ (చిన్న నేరం). అదే నష్టం ప్రార్థనా స్థలానికి చేస్తే స్టేట్ జైల్ ఫెలనీ (పెద్ద నేరం). ఉన్నదాన్నే అడిగితే కమిటీ సిబ్బంది మొదటి నిమిషంలోనే ఫైలు మూసేస్తారు. అప్పుడు అడగాల్సింది వేరు: కెమెరాలకు గ్రాంటా, దర్యాప్తు వేగమా, నష్టపరిహారమా?

శిక్షల మెట్లు తెలుసుకోండి. టెక్సాస్‌లో అవి ఇలా ఉంటాయి:

- క్లాస్ సి మిస్‌డిమీనర్: 500 డాలర్ల దాకా జరిమానా, జైలు లేదు
- క్లాస్ బి: 180 రోజుల దాకా, 2,000 డాలర్ల దాకా
- క్లాస్ ఎ: ఏడాది దాకా, 4,000 డాలర్ల దాకా
- స్టేట్ జైల్ ఫెలనీ: 180 రోజుల నుంచి 2 ఏళ్ళు
- థర్డ్ డిగ్రీ ఫెలనీ: 2 నుంచి 10 ఏళ్ళు
- సెకండ్ డిగ్రీ: 2 నుంచి 20 ఏళ్ళు
- ఫస్ట్ డిగ్రీ: 5 నుంచి 99 ఏళ్ళు లేదా జీవిత ఖైదు

దొంగతనంలో మెట్టు వస్తువు విలువను బట్టి మారుతుంది. 100 డాలర్ల లోపు క్లాస్ సి, 750 లోపు క్లాస్ బి, 2,500 లోపు క్లాస్ ఎ, 30,000 లోపు స్టేట్ జైల్ ఫెలనీ. మీ స్టోర్‌లో పోయే సరుకు సగటున 60 డాలర్లదైతే, 2,500 డాలర్ల మెట్టును కదిపే బిల్లు మీకు ఒరగబెట్టేది ఏమీ లేదు. ఒకే మనిషి పదిసార్లు చేసిన దొంగతనాలను కలిపి లెక్కించడం, పాత శిక్షలుంటే మెట్టు పెంచడం మీద ఏముందో చూడండి. దుకాణదారుకు పట్టేది ఆ పంక్తులే.

వీసా కుటుంబాలకు ఏమవుతుంది? ఈ కోణం బిల్లులో ఎక్కడా రాసి ఉండదు. సభ్యులకూ చాలాసార్లు తట్టదు. తెలుగువాళ్ళు కమిటీకి చెప్పగలిగిన అత్యంత విలువైన విషయం ఇదేనని మా అభిప్రాయం.

ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ చట్టం రాష్ట్ర శిక్షలను తన లెక్కలో చూస్తుంది. దొంగతనం లాంటి నేరాన్ని సాధారణంగా నైతిక పతనం కిందికి వచ్చే నేరంగా పరిగణిస్తారు. అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్ళలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే అవకాశం ఉంటే, దేశం నుంచి పంపేసే కారణం అవుతుంది. టెక్సాస్ క్లాస్ ఎ గరిష్ఠ శిక్ష సరిగ్గా ఏడాది. జడ్జి ఒక్క రోజు కూడా జైలు వేయకపోయినా ఈ లెక్క తగులుతుంది. బి నుంచి ఎకి మెట్టు పెంచితే పౌరుడికి తేడా కొన్ని నెలలు. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లవాడికి అది చదువూ, భవిష్యత్తూ. వాషింగ్టన్, కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు ఈ చిక్కు చూసే మిస్‌డిమీనర్ గరిష్ఠాన్ని 364 రోజులకు తగ్గించాయి.

రెండో చిక్కు డిఫర్డ్ అడ్జుడికేషన్. నేరం ఒప్పుకున్నాక కోర్టు శిక్ష ఖాయం చేయకుండా గడువు పెట్టి, సరిగా ఉంటే కేసు కొట్టేసే పద్ధతి. టెక్సాస్ చట్టం లెక్కలో అది కన్విక్షన్ (దోషిగా తేలడం) కాదు. ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ లెక్కలో కన్విక్షనే. "ఈ బిల్లు రెండో అవకాశం ఇస్తుంది" అని అందరూ మెచ్చుకునే బిల్లు మన పిల్లలకు ఉచ్చు కావచ్చు. నేరం ఒప్పుకోవడానికి ముందే కేసును మళ్ళించే ప్రీట్రయల్ డైవర్షన్‌కు అవకాశం ఉందా అని చూసి, లేకపోతే దాన్ని చేర్చమని అడగండి. ఎలాంటి ఒప్పుకోలూ లేకుండా ఉంటేనే అది పనికొస్తుంది.

అమలు తేదీ. ఎక్కువ బిల్లులు సెప్టెంబర్ 1న అమల్లోకి వస్తాయి. కొత్త శిక్ష ఆ తేదీ తర్వాత జరిగిన నేరాలకే. నిన్న మీ స్టోర్‌లో జరిగినదానికి వర్తించదు.

చదివాక ఈ ఐదింటికి జవాబు రాసుకోగలగాలి:

- ఏ కోడ్, ఏ సెక్షన్ మారుతోంది?
- ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు?
- జడ్జికి ఉన్న విచక్షణ పెరిగిందా, తగ్గిందా?
- వీసా, గ్రీన్ కార్డు వాళ్ళకు ఏమవుతుంది?
- ఏ పంక్తి మారిస్తే మీరు మద్దతిస్తారు?

## 6. ఖర్చు కాగితం వదలకండి

బిల్లు పేజీలోనే ఫిస్కల్ నోట్, అంటే ఆ బిల్లుకు అయ్యే ఖర్చు అంచనా, ఉంటుంది. ఫెలనీ శిక్షలు మార్చే బిల్లులకు లెజిస్లేటివ్ బడ్జెట్ బోర్డు క్రిమినల్ జస్టిస్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ కూడా తయారుచేస్తుంది. జైళ్ళ మీద ఎంత భారం పడుతుందన్న అంచనా అది.

అందులో తరచూ కనబడే మాట "ప్రభావాన్ని నిర్ధారించలేం". దాన్ని "ఖర్చు లేదు" అని చదవకండి. లెక్కించడానికి సమాచారం చాలలేదని దాని అర్థం. మీరు బిల్లుకు వ్యతిరేకమైతే ఆ వాక్యాన్నే పట్టుకుని, సమాచారం వచ్చాక నిర్ణయించమనవచ్చు.

లెక్కల బలం ఎంతో 2007లో తేలింది. 2012 నాటికి మరో 17,000కు పైగా జైలు పడకలు కావాలని, దానికి సుమారు 200 కోట్ల డాలర్లు అవుతాయని అంచనా వచ్చింది. సెనేట్ కమిటీ చైర్ జాన్ విట్‌మైర్, హౌస్ కరెక్షన్స్ చైర్ జెర్రీ మాడెన్ వేర్వేరు పార్టీలవాళ్ళు. ఇద్దరూ కలిసి 24.1 కోట్ల డాలర్లు చికిత్స, డైవర్షన్ కార్యక్రమాలకు మళ్ళించారు. ఆ తర్వాత రాష్ట్రం జైళ్ళు మూసే దశకు వచ్చింది. 2011లో మూతపడిన షుగర్‌ల్యాండ్ సెంట్రల్ యూనిట్ వాటిలో మొదటిది.

## 7. విచారణకు ముందు సిబ్బందితో పదిహేను నిమిషాలు

సెనేటరే దొరకాలని పట్టుబట్టకండి. బిల్లు చదివేది, సవరణ రాసేది, చైర్‌కు సలహా చెప్పేది సిబ్బంది. మూడు ఆఫీసులు ముఖ్యం, ఈ వరుసలో: బిల్లు వేసిన సభ్యుడి ఆఫీసు, మీ సొంత సెనేటర్ ఆఫీసు, కమిటీ ఆఫీసు.

బిల్లు వేసినవారికి ముందే చెప్పకుండా విచారణలో సవరణ అడిగితే వారికి అది ఎదురుదెబ్బలా తగులుతుంది. ముందు రోజు చెబితే అదే సవరణ కమిటీ సబ్‌స్టిట్యూట్‌లో, అంటే సవరించిన కొత్త పాఠంలో చేరిపోవచ్చు.

వెంట తీసుకెళ్ళాల్సింది ఒకే పేజీ. పైన బిల్లు నంబరు, మీ నియోజకవర్గం. మధ్యలో సమస్య నాలుగు పంక్తుల్లో. కింద మీరు కోరే మార్పు, పేజీ, పంక్తి నంబర్లతో, మార్చిన వాక్యం యథాతథంగా ఇంగ్లీషులో. "ఏదైనా చేయండి సార్" అని చెప్పి వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపిస్తారు. రాసిన వాక్యం చేతిలో పెడితే అది ఫైలులో చేరుతుంది.

సంఘం తరఫున వెళ్తుంటే కార్యవర్గ తీర్మానం తీసుకోండి. తెలుగు సంఘాలు, గుళ్ళు చాలావరకు 501(సి)(3) సంస్థలు, అంటే పన్ను మినహాయింపు ఉన్నవి. బిల్లుల మీద పరిమిత స్థాయిలో మాట్లాడటానికి ఫెడరల్ పన్ను చట్టం ఒప్పుకుంటుంది. అభ్యర్థి ప్రచారానికి ఏమాత్రం ఒప్పుకోదు. ఆ రెండూ కలపకండి.

## 8. రెండు మూడు నిమిషాల వాంగ్మూలం

సమయం చైర్ నిర్ణయిస్తారు. మామూలుగా రెండు లేదా మూడు నిమిషాలు. రెండు నిమిషాలకే సిద్ధం కండి. ఇంగ్లీషులో 250 పదాలు దాటితే సమయం సరిపోదు.

వరుస ఇలా ఉండాలి:

1. పేరు, ఊరు, ఎవరి తరఫున. (10 సెకన్లు)
2. బిల్లుకు అనుకూలమా, వ్యతిరేకమా. (5 సెకన్లు)
3. ఒకే ఒక సంఘటన లేదా లెక్క. (45 సెకన్లు)
4. బిల్లులో పంక్తి, కోరే మార్పు. (45 సెకన్లు)
5. ధన్యవాదాలు, ప్రశ్నలకు సిద్ధం. (5 సెకన్లు)

నమూనా, మీరు ఇంగ్లీషులో చెప్పుకునేలా: "చైర్, సభ్యులకు నమస్కారం. నేను ఫ్రిస్కో నివాసిని, నా తరఫునే మాట్లాడుతున్నాను. బిల్లుకు మద్దతే, కానీ ఒక మార్పుతో. రెండో పేజీ 14వ పంక్తి ఈ నేరాన్ని క్లాస్ బి నుంచి క్లాస్ ఎకి పెంచుతోంది. క్లాస్ ఎ గరిష్ఠం ఏడాది. ఫెడరల్ చట్టంలో ఆ ఒక్క ఏడాది వల్ల, చట్టబద్ధంగా చదువుకుంటున్న విద్యార్థి మొదటి తప్పుకే దేశం నుంచి వెళ్ళాల్సి రావచ్చు. మొదటిసారి చేసినవారికి క్లాస్ బి ఉంచి, రెండోసారి నుంచి పెంచండి. ఆ వాక్యం రాసి ఇచ్చాను." ఇంతే. "మన సంస్కృతి" గురించి ఒక పేరా చేర్చాలనిపిస్తుంది, చేర్చకండి. ఆ సమయం 14వ పంక్తిది.

మూడు జాగ్రత్తలు:

- మీ మీద లేదా ఇంట్లోవాళ్ళ మీద కేసు నడుస్తుంటే లాయర్‌ను అడగకుండా మాట్లాడకండి. విచారణ వీడియో శాశ్వతంగా ఆన్‌లైన్‌లో ఉంటుంది, మీ మాట ప్రాసిక్యూటర్ కూడా చూడగలరు.
- నమోదులో చెప్పేది నిజమేనని ప్రమాణం చేస్తారు. వినికిడి లెక్కలు చెప్పకండి.
- మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. వీసా మీద ఉన్నవాళ్ళూ మాట్లాడవచ్చు. డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం మాట్లాడితే మాత్రం లాబీయిస్టు నమోదు నియమాలు చూసుకోవాలి.

ఇంగ్లీషు సాఫీగా రాని పెద్దవాళ్ళు వస్తుంటే కమిటీ ఆఫీసుకు ముందే ఫోన్ చేసి అనువాదం ఎలా కుదురుతుందో అడగండి.

## 9. విచారణ రోజు

క్యాపిటల్ భవనంలో ఇ అక్షరంతో మొదలయ్యే గదులన్నీ భూగర్భంలోని ఎక్స్‌టెన్షన్‌లో ఉంటాయి. లోపలికి వచ్చేటప్పుడు భద్రతా తనిఖీ ఉంటుంది. శాన్ జసింటో వీధిలోని విజిటర్ గ్యారేజీలో మొదటి రెండు గంటలు ఉచితం, కానీ మీ పని రెండు గంటల్లో తేలదు. రోజంతటికీ లెక్క వేసుకోండి.

నోటీసులో సమయం బదులు "సభ వాయిదా పడ్డాక" అని ఉండవచ్చు. ఉదయం వచ్చినవారి పేరు రాత్రి పిలవడం మామూలే. నీళ్ళు, ఫోన్ చార్జర్, తినడానికి ఏదైనా ఉంచుకోండి.

చేరగానే మొదటి పని సాక్షిగా నమోదు. ఇంటి నుంచి కుదరదు, భవనంలోకి వచ్చాకే చేయాలి. బిల్లు నంబరు, మీ వైఖరి అడుగుతారు: ఫర్, అగైనెస్ట్, ఆన్. "ఆన్" అంటే తటస్థంగా సమాచారం ఇవ్వడం. మార్పు కోరుతూ మద్దతిచ్చేవాళ్ళు చాలామంది పొరపాటున "ఆన్" నొక్కుతారు. దాంతో మద్దతు లెక్కలో పేరు ఉండదు.

మాట్లాడే ధైర్యం లేనివాళ్ళు, పిల్లలతో వచ్చి ఆగలేనివాళ్ళు "మాట్లాడను, వైఖరి మాత్రం నమోదు చేయండి" అనే ఎంపిక తీసుకోవచ్చు. సాక్షుల జాబితాలో పేరు వస్తుంది. ఇరవైమంది అదే పాట పాడేకంటే ఇద్దరు మాట్లాడి పద్దెనిమిది మంది నమోదు చేసుకోవడం మేలు.

ఆస్టిన్ రాలేకపోతే హౌస్ బిల్లుల మీద టెక్సాస్ నివాసులు హౌస్ పబ్లిక్ కామెంట్స్ పోర్టల్‌లో రాతపూర్వకంగా పంపవచ్చు, విచారణ ముగిసేదాకా. సెనేట్ బిల్లుకైతే రాసిన ప్రతిని కమిటీ ఆఫీసుకూ మీ సెనేటర్‌కూ ముందే చేర్చండి.

చెక్‌లిస్ట్:

- ఫోటో గుర్తింపు కార్డు
- వాంగ్మూలం ప్రతులు, నోటీసులో చెప్పినన్ని, ప్రతిదాని మీదా పేరు
- సవరణ వాక్యం విడి కాగితం మీద
- బిల్లు తాజా పాఠం. ఆ ఉదయమే సబ్‌స్టిట్యూట్ వచ్చి పంక్తి నంబర్లు మారి ఉండవచ్చు, సిబ్బందిని అడిగి చూసుకోండి

ఈ ఆఖరిది ఎంత తయారై వచ్చినవాళ్ళనూ దెబ్బ తీస్తుంది. లేని పంక్తి గురించి మాట్లాడితే మిగతా మాట కూడా నిలవదు.

ప్రశ్న అడిగితే తెలిసినంతే చెప్పండి. తెలియకపోతే "కనుక్కుని రేపటికి మీ ఆఫీసుకు పంపుతాను" అని, నిజంగా పంపండి.

## 10. కమిటీ దాటాక

సెనేట్‌లో బిల్లును వరుస తప్పించి చర్చకు తేవాలంటే 31లో 18 మంది ఒప్పుకోవాలి. సెషన్ మొదట్లోనే ఒక అడ్డు బిల్లును వరుసలో ముందు నిలబెట్టడం అక్కడి ఆనవాయితీ, అందుకే ఈ 18 లెక్క. హౌస్‌లో క్యాలెండర్స్ కమిటీ తేదీ ఇవ్వాలి, అక్కడా ఎన్నో బిల్లులు ఆగిపోతాయి. ఆ తర్వాత రెండో సభలో మళ్ళీ కమిటీ, మళ్ళీ విచారణ. అక్కడికీ వెళ్ళండి. మొదటి సభలో తీసేసిన పంక్తి రెండో సభలో తిరిగి రావచ్చు.

ఇక్కడ పొరపాటు ఏమిటంటే, కమిటీలో గెలిచామని ఫోటోలు పెట్టుకుని ఊరుకోవడం. విచారణ అయిన రెండు రోజుల్లో ఏడుగురు సభ్యులకూ చిన్న మెయిల్ పంపండి. ఏప్రిల్ అంతా వారానికోసారి బిల్లు పేజీ చూడండి.

## 11. సెషన్ లేని కాలం

సెషన్ల మధ్య లెఫ్టినెంట్ గవర్నర్, స్పీకర్ కమిటీలకు అధ్యయనాంశాలు ఇస్తారు. వీటిని ఇంటరిమ్ చార్జెస్ అంటారు. వాటి మీద విచారణలు జరిగి నివేదిక వస్తుంది, తర్వాతి సెషన్ బిల్లులకు చాలాసార్లు విత్తనం అక్కడే పడుతుంది. జనం తక్కువ, సభ్యులు తీరికగా వింటారు, గడువుల తొందర లేదు.

ఏజెన్సీ మొత్తాన్ని తిరగదోడే మరో సందర్భం సన్‌సెట్ సమీక్ష. ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు రెప్రజెంటేటివ్‌లు, ఇద్దరు ప్రజా సభ్యులున్న సన్‌సెట్ అడ్వైజరీ కమిషన్ ఒక్కో ఏజెన్సీని సాధారణంగా 12 ఏళ్ళకోసారి పరిశీలిస్తుంది. జైళ్ళ విభాగం వంతు 2025 సెషన్‌కు ముందు వచ్చి వెళ్ళింది. మీకు సంబంధించిన ఏజెన్సీ ఏ ఏడాదికి వస్తుందో కమిషన్ సైట్‌లో ఉంటుంది. ఆ ఏడాదికి ముందు వేసవిలో, సిబ్బంది ఇంకా నివేదిక రాయకముందే, మీ అనుభవాన్ని తేదీలతో, కాగితాలతో సహా రాసి పంపండి.